ఓజీటీ యాంటీబాడీని నమ్మడానికి ముందు మేం చేసిన పరీక్షలు: నా అనుభవం

నా పీహెచ్‌డీ పని మొత్తం ఒకే ఎంజైమ్ చుట్టూ తిరుగుతుంది. దాని పూర్తి పేరు ఓ-లింక్డ్ ఎన్-ఎసిటైల్‌గ్లూకోసమైన్ ట్రాన్స్‌ఫరేజ్. ల్యాబ్‌లో అందరం ఓజీటీ అంటాం. ప్రోటీన్లలో సెరిన్, త్రియొనిన్ అనే అమైనో ఆమ్లాలు ఉన్న చోట ఒకే ఒక్క చిన్న చక్కెర అణువును తగిలించడం దీని పని. ఆ చక్కెరను తీసేసే ఎంజైమ్ ఓజీఏ. ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే కైనేజ్‌లు మనిషి కణాల్లో 500కు పైగా ఉన్నాయి. కేంద్రకంలో, సైటోప్లాజంలో ఈ చక్కెరను తగిలించేది మాత్రం ఓజీటీ ఒక్కటే. 1984లో జెరాల్డ్ హార్ట్ బృందం ఈ మార్పును బయటపెట్టేదాకా, చక్కెరలు చేరడం అనేది కణం పైపొరకో బయటికో వెళ్ళే ప్రోటీన్ల వ్యవహారం అనే ఎక్కువమంది అనుకున్నారు. లోపలి ప్రోటీన్లకూ అది ఉందని తేలాక ఒక కొత్త పరిశోధనా రంగమే మొదలైంది.

ఈ చక్కెర ఎక్కడినుంచి వస్తుందన్నదే నన్ను ఇటు లాగింది. కణంలోకి వచ్చిన గ్లూకోజ్‌లో కొద్ది భాగం హెక్సోసమైన్ మార్గంలోకి మళ్ళి యూడీపీ-గ్లక్‌నాక్ అనే పదార్థంగా మారుతుంది. ఓజీటీ వాడుకునేది దాన్నే. అంటే రక్తంలో షుగర్ పెరిగితే ఆ ప్రభావం నేరుగా ప్రోటీన్ల మీద కనిపించే దారి ఒకటుంది. మా ప్రయోగంలో హెప్‌జీ2 అనే కాలేయ కణాలను 5.5 మిల్లీమోలార్ గ్లూకోజ్‌లో కొన్ని, 25 మిల్లీమోలార్‌లో కొన్ని పెంచుతాం. రక్తపరీక్ష రిపోర్టు లెక్కలో చెప్పాలంటే ఒకటి దాదాపు 100, రెండోది 450. షుగర్ ఎక్కువైనప్పుడు ఓజీటీ మోతాదు పెరుగుతుందా, లేక మోతాదు అంతే ఉండి పని మాత్రమే పెరుగుతుందా? నా థీసిస్‌లో రెండో అధ్యాయం ఈ ప్రశ్న గురించే.

గాజువాకలో ఉండే మా పిన్నికి ఈ సంగతి ఎలా చేరిందో గానీ, ఒకసారి ఫోన్ చేసి, "ఏటమ్మా, మీ ల్యాబ్‌లో షుగర్‌కి కొత్త టెస్ట్ ఏదో చేస్తారంట గదా, మీ బాబాయ్‌ని పంపనా?" అని అడిగింది. ఇది మనుషులకు చేసే టెస్ట్ కాదని, ఓజీటీని చూడటానికి మేం వాడే యాంటీబాడీ సీసా మీదే పరిశోధనకు మాత్రమే, రోగ నిర్ధారణకు కాదు అని రాసి ఉంటుందని చెప్పాను. బాబాయ్‌ని షుగర్‌కి చేసే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష చేయించుకోమని చెప్పి పెట్టేశాను. పిన్ని అడిగినదాంట్లో తప్పేమీ లేదు. విశాఖలో షుగర్ లేని ఇల్లు వెతుక్కోవాల్సి వస్తోంది.

కణాలను కరిగించి తీసిన లైసేట్‌లో వేల రకాల ప్రోటీన్లు కలిసి ఉంటాయి. అందులో ఓజీటీని మాత్రమే పట్టుకోవాలంటే యాంటీబాడీ కావాలి. ఓజీటీలోని ఒక ముక్కను కుందేలుకు ఇంజెక్షన్ చేస్తే దాని శరీరం ఆ ముక్కను గుర్తుపట్టే యాంటీబాడీలు తయారుచేస్తుంది. కుందేలు రక్తం నుంచి వాటిని అలాగే తీసుకుంటే పాలీక్లోనల్, అంటే ఎన్నో రకాల యాంటీబాడీల మిశ్రమం. ఒకే కణం సంతతి నుంచి ఒకే రకం తీసుకుంటే మోనోక్లోనల్. ఆ పద్ధతి 1975లో కోలర్, మిల్‌స్టైన్ చూపించారు, 1984లో నోబెల్ వచ్చింది. ఇప్పుడు యాంటీబాడీ జన్యు క్రమాన్నే రాసిపెట్టుకుని కల్చర్‌లో తయారుచేసే రికాంబినెంట్ రకం కూడా దొరుకుతోంది. అందులో ఒక లాట్‌కీ ఇంకో లాట్‌కీ తేడా బాగా తక్కువ.

ఏ రకమైనా సరే, యాంటీబాడీ గుర్తుపట్టేది ప్రోటీన్‌లో ఓ చిన్న భాగాన్నే. అలాంటి భాగమే వేరే ప్రోటీన్‌లోనూ ఉంటే దానికీ అతుక్కుంటుంది. మన కాంప్లెక్స్ బస్టాండ్‌లో నిలబడి "అప్పలరాజూ" అని కేకేస్తే ఒక్కరే తిరిగి చూడరు కదా, ఇదీ అంతే.

నేను చేరేటప్పటికే డీప్ ఫ్రీజర్‌లో ఓజీటీ పాలీక్లోనల్ సీసా ఒకటి ఉంది. సీనియర్ అక్క తన ప్రాజెక్టు కోసం తెప్పించింది. దాంతోనే మొదలుపెట్టాను. మనిషి ఓజీటీ పూర్తి రూపంలో 1046 అమైనో ఆమ్లాలు ఉంటాయి, ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్ మీద 110 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువుకు కొలమానం) దగ్గర కనిపించాలి. 8 శాతం జెల్ పోశాను. జెల్‌లోని ప్రోటీన్లను కరెంటుతో ఒక పలచని పొర మీదికి ఎక్కించడాన్ని ట్రాన్స్‌ఫర్ అంటాం. అంత పెద్ద ప్రోటీన్ పొరకు సరిగ్గా ఎక్కాలంటే అది నిదానంగా, చల్లగా జరగాలి. వేసవిలో మా ఊళ్ళో కష్టం అక్కడే. ఏసీ ఆగితే గది ఉక్కపోతకు బఫర్ వేడెక్కిపోతుంది. అందుకే ట్యాంకును చల్లని గదిలో పెట్టి తక్కువ వోల్టేజిలో రాత్రంతా నడిపేదాన్ని. యూపీఎస్ లైన్ మీద ఉన్న సాకెట్ ఎవరికి దక్కుతుందన్నది ల్యాబ్‌లో ప్రతి సాయంత్రం తేలాల్సిన విషయం.

యాంటీబాడీ ఎక్కడ పడితే అక్కడ అంటుకోకుండా పొరను 5 శాతం పాలపొడి ద్రావణంలో ఉంచి (దీన్నే బ్లాక్ చేయడం అంటాం), ప్రైమరీలో, అంటే ఓజీటీ యాంటీబాడీలో రాత్రంతా ఉంచి, కడిగి, ఆ ప్రైమరీని పట్టుకుని కనిపించేలా చేసే సెకండరీ యాంటీబాడీ వేసి, ఇమేజర్‌లో పెట్టాను. ఇలా వచ్చే బొమ్మనే బ్లాట్ అంటాం. 110 దగ్గర బ్యాండ్ వచ్చింది. 75 దగ్గర ఇంకా గట్టి బ్యాండ్ వచ్చింది. 50 దగ్గర మసకగా మరొకటి.

ఓజీటీ గురించి కొంచెం చదివిన వాళ్ళకి ఆ 75 చూడగానే ఆశ పుడుతుంది. ఎందుకంటే ఈ ఎంజైమ్‌కు మూడు రూపాలున్నాయి. కేంద్రకంలో, సైటోప్లాజంలో ఉండేది పెద్దది. మైటోకాండ్రియాకు చెందినది దాదాపు 103 కిలోడాల్టన్లు. పొట్టిది 75 చుట్టుపక్కల ఉంటుంది. మూడింటిలోనూ చక్కెరను తగిలించే చివరి భాగం ఒకటే. ముందుండే టీపీఆర్ అనే మడతలు ఎన్ని అన్నదే తేడా. "పొట్టి రూపం దొరికింది, పేపర్‌కి ఇంకో ఫిగర్ వచ్చినట్టే" అన్నారు పక్క ల్యాబ్ వాళ్ళు. మా గైడ్ మేడం మాత్రం ఆ బ్లాట్ చాలాసేపు చూసి, "బ్యాండ్ సరైన ఎత్తులో ఉండటం సాక్ష్యం కాదమ్మా. అది ఓజీటీయే అయితే ఓజీటీని తగ్గించినప్పుడు అది కూడా తగ్గాలి. తగ్గించి చూపించు" అన్నారు.

ఆ మాట నాకు కొన్ని నెలల పని పెట్టింది. కానీ నా చదువులో నేను నేర్చుకున్న అసలైన విషయం అదే.

ముందు సులువైనవి చేశాను. ప్రైమరీ వేయకుండా సెకండరీ ఒక్కటే వేస్తే పొర మొత్తం ఖాళీగా వచ్చింది. అంటే ఆ బ్యాండ్లు ప్రైమరీ వల్లే వస్తున్నాయి. తరువాత పెప్టైడ్ బ్లాకింగ్. కుందేలుకు ఇచ్చిన ముక్కనే యాంటీబాడీతో ముందే కలిపేస్తే, దాని చేతులు నిండిపోయి పొర మీద దేన్నీ పట్టుకోలేదు. 110, 75 రెండూ మాయమయ్యాయి. చాలా డేటాషీట్లలో ఇదే గొప్ప రుజువుగా చూపిస్తారు. నా దృష్టిలో ఇది రుజువు కానే కాదు. 75 దగ్గర ఉన్నది వేరే ప్రోటీన్ అయినా, యాంటీబాడీ అదే చేత్తో దాన్ని పట్టుకుని ఉంటే, పెప్టైడ్ కలపగానే అదీ పోతుంది. ఈ పరీక్షలో తేలేది యాంటీబాడీ ఆ ముక్కకు అతుక్కుంటుందని మాత్రమే. పొర మీద అతుక్కున్నది ఓజీటీకేనా అన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

అసలైన పరీక్ష జన్యువును తీసేసి చూడటం. ఓజీటీ విషయంలో అది అంత తేలిక కాదు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. అది పనిచేయకపోతే ఎలుకల పిండ మూలకణాలు బతకవని 2000లోనే తేలింది. విభజన చెందే కణాలకు ఇది లేకుండా గడవదు. కాబట్టి పూర్తిగా తీసేయకుండా కొన్నాళ్ళు తగ్గించే ఎస్ఐఆర్ఎన్ఏ దారి పట్టాను. జన్యువు నుంచి వచ్చే సందేశాన్ని, అంటే ఆర్ఎన్ఏను, నాశనం చేయించే చిన్న ముక్క అది. ఓజీటీ సందేశంలో వేర్వేరు చోట్లకు గురిపెట్టే రెండు ఎస్ఐఆర్ఎన్ఏలు, దేనికీ గురిపెట్టని ఒక కంట్రోల్. ఒకటే వాడితే, అది పొరపాటున ఇంకో జన్యువును తగ్గించిందేమో అన్న అనుమానం తీరదు. రెండూ మూడు రూపాలకూ ఉమ్మడిగా ఉన్న భాగం మీదే పనిచేసేలా ఎంచుకున్నాం. అందువల్ల పొట్టి రూపం నిజంగా ఉంటే అది కూడా తగ్గాలి.

లోడింగ్ కంట్రోల్, అంటే అన్ని లైసేట్లనూ సమానంగా వేశామని చూపించే ప్రోటీన్, దగ్గర కూడా ఆలోచించాల్సి వచ్చింది. పెద్ద ప్రోటీన్లకు విన్‌కులిన్ బాగుంటుందంటారు గానీ, అది దాదాపు ఓజీటీ ఎత్తులోనే వస్తుంది. జీఏపీడీహెచ్ గ్లూకోజ్‌ను వాడుకునే దారిలోని ఎంజైమే. గ్లూకోజ్ మార్చే ప్రయోగంలో దాన్ని కొలబద్దగా పెట్టుకోవడం నాకు నచ్చలేదు. చివరికి 42 దగ్గర వచ్చే బీటా యాక్టిన్ తీసుకున్నాను.

72 గంటల తరువాత లైసేట్ తీసి బ్లాట్ చేస్తే 110 బ్యాండ్ రెండు ఎస్ఐఆర్ఎన్ఏలతోనూ బాగా పలచబడింది. 75 చెక్కుచెదరలేదు. ఆ ప్రోటీన్ నెమ్మదిగా కరుగుతుందేమో అని 96 గంటలదాకా ఆగి చూశాం. అప్పుడూ అంతే. దాంతో 75 ఆశ వదిలేశాం. ఆ బ్యాండ్ ఏ ప్రోటీన్‌దో మేం వెతకలేదు. ఓజీటీ కాదని తేలితే మా ప్రశ్నకు అది చాలు.

ఇక రెండో యాంటీబాడీ కొనక తప్పలేదు. 2016లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం యాంటీబాడీలను పరీక్షించడానికి ఐదు మార్గాలు సూచించింది. అందులో ఒకటి జన్యువును తగ్గించి చూడటం. మరొకటి, అదే ప్రోటీన్‌లో వేరే భాగాన్ని గుర్తించే స్వతంత్ర యాంటీబాడీతో పోల్చడం. మాకు అదే కావాలి. కేటలాగ్‌లు తిరగేస్తుంటే నాకు బాగా కోపం తెప్పించిన విషయం డేటాషీట్లలోని బొమ్మలు. 110 చుట్టూ సన్నగా కత్తిరించిన ఒక ముక్క పెట్టి, చాలా స్పెసిఫిక్ అని రాస్తారు. కింద, పైన ఏముందో ఎలా తెలుస్తుంది? నిచ్చెనలా ఉండే మార్కర్‌తో సహా పూర్తి బ్లాట్ పంపమని ప్రతి డిస్ట్రిబ్యూటర్‌కీ మెయిల్ పెట్టాను. ఏ భాగం మీద తయారుచేశారో చెప్పమన్నాను. పంపినవాళ్ళు ఉన్నారు, అది కంపెనీ రహస్యం అన్నవాళ్ళు ఉన్నారు. ఓజీటీ యాంటీబాడీ అడిగితే ఆర్‌ఎల్2 అనే వేరే యాంటీబాడీ కొటేషన్ పంపినవాళ్ళూ ఉన్నారు.

ఈ చివరి గందరగోళం చాలా ల్యాబ్‌లలో చూశాను కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. ఆర్‌ఎల్2 ఎంజైమ్‌ను గుర్తించదు. ఎంజైమ్ ప్రోటీన్ల మీద తగిలించిన చక్కెర గుర్తును గుర్తిస్తుంది. కేంద్రకపు పొరలోని రంధ్రాల ప్రోటీన్ల మీద పని చేస్తున్నప్పుడు పుట్టిన యాంటీబాడీ అది. అలాంటిదే సీటీడీ110.6. దాని పేరులో 110 చూసి ఓజీటీది అనుకునేవాళ్ళున్నారు, కాదు. పైగా అది ఐజీఎం అనే తరగతి యాంటీబాడీ, మామూలుగా వాడే ఐజీజీ తరగతికి సరిపోయే సెకండరీ వేస్తే సరిగ్గా పట్టదు. ఈ రెండింటితో బ్లాట్ చేస్తే ఒక్క బ్యాండ్ రాదు, పై నుంచి కింద దాకా వరుసగా ఎన్నో బ్యాండ్లు వస్తాయి. అక్కడ అలా రావడమే సరైనది, ఆ చక్కెర వందల ప్రోటీన్ల మీద ఉంటుంది కాబట్టి. బ్లాకింగ్‌కు కూడా పాలపొడి బదులు బీఎస్ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) వాడతాను, పాల ప్రోటీన్లలో కొన్నింటికి సొంత చక్కెరలు ఉంటాయి కాబట్టి.

చివరికి ఒక రికాంబినెంట్ కుందేలు మోనోక్లోనల్ ఎంచుకున్నాం. 100 మైక్రోలీటర్ల సీసా ధర, జేఆర్ఎఫ్ స్కాలర్‌కి నెలకు వచ్చే 37 వేలకు కాస్త అటూ ఇటుగా ఉంది. ఇండెంట్, కొటేషన్లు, కమిటీ, పర్చేజ్ ఆర్డర్, అన్నీ మామూలే. విదేశం నుంచి హైదరాబాద్, అక్కడి నుంచి విశాఖ. నేను పట్టుబట్టింది ఒక్క విషయం మీదే, హైదరాబాద్‌లో శుక్రవారం, శనివారం పార్సిల్ వేయొద్దని. ఆదివారం కొరియర్ ఆఫీసులో పడి ఉంటే మే నెల ఎండకు థర్మోకోల్ పెట్టెలో జెల్ ప్యాక్‌లు ఎంతసేపని ఆగుతాయి? సోమవారం వేశారు. మర్నాడు పెట్టె విప్పితే ప్యాక్‌లు ఇంకా గట్టిగానే ఉన్నాయి.

ఇందులో 50 శాతం గ్లిసరాల్ ఉంటుంది కాబట్టి మైనస్ 20 దగ్గర గడ్డకట్టదు. అలాంటి సీసాను అతిజాగ్రత్తకు పోయి మైనస్ 80లో పెట్టి గడ్డకట్టించి, మళ్ళీ కరిగించడం దానికి మేలు కాదు. రెండు భాగాలు చేసి రెండు వేర్వేరు లైన్ల మీద ఉన్న ఫ్రీజర్లలో పెట్టాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నగరమంతా రోజుల తరబడి కరెంటు లేక ఉన్న సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు. అప్పటి నుంచి మా దగ్గర విలువైనది ఏదీ ఒకే ఫ్రీజర్‌లో ఉండదు. సీసాలోని సోడియం ఎజైడ్ గురించి జూనియర్లకు తప్పక చెబుతాను. అది బూజు పట్టకుండా కాపాడుతుంది గానీ, సెకండరీకి తగిలించి ఉండి బ్యాండ్ కనిపించేలా చేసే హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్‌ను పని చేయనివ్వదు. అందుకే హెచ్‌ఆర్‌పీ తగిలించిన సెకండరీలో దాన్ని కలపకూడదు.

కొత్త యాంటీబాడీకీ అవే పరీక్షలు. 110 దగ్గర ఒక్కటే బ్యాండ్, ఎస్ఐఆర్ఎన్ఏతో అది పలచబడింది, 75 దగ్గర ఏమీ లేదు. హెచ్‌ఈకే293 అనే మనిషి కణాల్లో ప్లాస్మిడ్ (జన్యువును మోసుకెళ్ళే డీఎన్ఏ వలయం) ద్వారా ఓజీటీని ఎక్కువగా తయారుచేయిస్తే బ్యాండ్ లావెక్కింది. ఈ ప్లాస్మిడ్ పరీక్షను నేను సాయంగానే తీసుకుంటాను. ఓజీటీ ఉంటే చూడగలదని అది చెబుతుంది, ఓజీటీని తప్ప ఇంకేదీ చూడదని చెప్పదు.

నాకు నిజంగా సంతోషం కలిగించింది థయామెట్-జీ ప్రయోగం. ఈ మందు ఓజీఏను ఆపుతుంది, చక్కెరలు తీసే దారి మూసుకుపోయి గుర్తులు పేరుకుపోతాయి. కణం దాన్ని గమనించి ఓజీటీ తయారీని తగ్గించుకుంటుంది. ఇది ఈ రంగంలో తెలిసిన సంగతే. ఒకే లైసేట్‌ను రెండు పొరల మీద పెట్టాను. ఆర్‌ఎల్2 పొర నల్లగా నిండిపోయింది, కొత్త యాంటీబాడీ పొర మీద 110 బ్యాండ్ తగ్గింది. మేం ఎస్ఐఆర్ఎన్ఏతో బలవంతంగా తగ్గించినప్పుడే కాదు, కణం తనంతట తాను తగ్గించుకున్నప్పుడూ ఈ బ్యాండ్ అలాగే కదిలింది. ఆ ఇమేజ్ స్క్రీన్ మీద చూసి పరుగున వెళ్ళి మేడంని పిలుచుకొచ్చాను. పాత పాలీక్లోనల్‌తోనూ 110 తగ్గింది. 75 మాత్రం మళ్ళీ కదల్లేదు.

అప్పుడుగానీ అసలు ప్రశ్న దగ్గరికి రాలేదు. 5.5, 25 మిల్లీమోలార్ గ్లూకోజ్, మధ్యలో ఇంకో కంట్రోల్: 5.5 గ్లూకోజ్‌కు 19.5 మానిటాల్ కలిపింది. ద్రావణంలో కరిగినవి ఎక్కువ కావడం వల్ల వచ్చే మార్పును గ్లూకోజ్ వల్ల వచ్చిందని పొరబడకుండా ఉండటానికి అది. మా కణాల్లో, మేం చూసినంతలో, 110 బ్యాండ్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆర్‌ఎల్2 గుర్తులు మాత్రం ఎక్కువ గ్లూకోజ్‌లో స్పష్టంగా పెరిగాయి. ఎంజైమ్ అంతే ఉంది, దాని చేతికి అందే ముడిసరుకు పెరిగింది అన్న ఆలోచనతో ఇది సరిపోతుంది.

పాత యాంటీబాడీతో ఇదే ప్రయోగం చేస్తే ఆ 75 బ్యాండ్ ఎక్కువ గ్లూకోజ్‌లో పెరిగింది! దాన్ని పొట్టి ఓజీటీ అని నమ్మి ఉంటే, "షుగర్ పెరిగితే ఓజీటీ పొట్టి రూపం పెరుగుతుంది" అని గ్రాఫ్‌తో సహా థీసిస్‌లోకి ఎక్కేది. అందరికీ నచ్చే కథ అది, మధుమేహం పేరు కూడా కలిసొస్తుంది. ఇంకో ఊళ్ళో ఇంకో స్కాలర్ దాన్ని చదివి, దాని మీద తన రెండేళ్ళు పెట్టేవారు. ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ నాకు టెన్షన్‌గానే ఉంటుంది.

అధ్యాయం రాసేటప్పుడు యాంటీబాడీ కేటలాగ్ నంబర్, లాట్ నంబర్, ఎంత పలచన చేశామో, దేనితో బ్లాక్ చేశామో అన్నీ పెట్టాను. కత్తిరించని పూర్తి బ్లాట్లు అనుబంధంలో ఉన్నాయి, పాత యాంటీబాడీవి కూడా. థీసిస్‌కు అంత అవసరమా అని అడిగినవారున్నారు. మేడం ఒక్క పేజీ కూడా తీయనివ్వలేదు.

ఇప్పుడు ప్రతి కొత్త లాట్‌కీ వాడటానికి ఎస్ఐఆర్ఎన్ఏ వేసిన లైసేట్, వేయని లైసేట్ చిన్న చిన్న ట్యూబుల్లో మైనస్ 80లో దాచిపెట్టాం. కొత్త సీసా వస్తే ముందు ఆ జంట మీద బ్లాట్, తరువాతే ఎవరికైనా ఇవ్వడం.

మొన్న ఒక జూనియర్ తమ్ముడు ఎలుక కాలేయం స్లైడ్ల మీద ఈ యాంటీబాడీనే వాడతానని వచ్చాడు. బ్లాట్‌లో బాగా పనిచేసింది కదక్కా అన్నాడు. బ్లాట్‌లో ప్రోటీన్ మడతలన్నీ విప్పేసి ఉంటుంది, ఫార్మలిన్‌లో పెట్టి మైనంలో పోసిన కణజాలంలో అది వేరే రూపంలో ఉంటుంది. ఎలుక ఓజీటీ మనిషిదానికి చాలా దగ్గరగా ఉన్నా, స్లైడ్ మీద యాంటీబాడీకి ఆ భాగం అందుతుందో లేదో విడిగా చూడాలి. కవర్‌స్లిప్ మీద పెంచిన హెప్‌జీ2 కణాల్లో మేం చూసినప్పుడు కేంద్రకంలో ఎక్కువగా, సైటోప్లాజంలో కొంత మెరిసింది, ఎస్ఐఆర్ఎన్ఏతో ఆ మెరుపు తగ్గింది. అది ఆ కణాల వరకే. తనకు 5 మైక్రోలీటర్లు ఇచ్చాను. ముందు హెప్‌జీ2 కణాలనే, ఎస్ఐఆర్ఎన్ఏ వేసినవీ వేయనివీ, ఫార్మలిన్‌లో పెట్టి మైనం దిమ్మెలు చేసి, వాటి మీద రంగు తేడా వస్తుందో లేదో చూడమన్నాను. సోమవారం ఇద్దరం కలిసి ఆ దిమ్మెలు పోస్తున్నాం.